సగం ధర మహాతల్లి

జనవరి 8

పొట్టి ఆడపడుచుకి,

మీ వదిన దీవెనలతో పాటు ఒక మొట్టికాయ కూడా పంపుతోంది, తల వంచి అందుకో. పోయిన ఆదివారం ఫోన్లో నేను చెప్పబోయింది ఒకటి, నీకు వినపడింది ఇంకొకటి. మధ్యలో అత్తయ్య ఫోన్ లాక్కుని నీ దగ్గు ఎలా ఉందని మొదలుపెట్టారు, ఇక నా సంగతి గాలికి పోయింది. అందుకే ఈ కాగితం. దీని మీద మాట్లాడేటప్పుడు ఎవరూ అడ్డురారు. నువ్వూ ఇలాగే రాయి, మన మాటలు మన మధ్యే ఉంటాయి.

ముందు, నువ్వు మళ్ళీ పంపిన ఆర్డరుకి థాంక్స్. మీ కళ్ళజోళ్ళ షాపులో వాళ్ళకి నేనమ్మే ప్లాస్టిక్ డబ్బాలు అంతగా నచ్చాయంటే నాకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు. సరుకంతా జాగ్రత్తగా కట్టి పంపాను. ఎప్పటిలాగే ప్రతి డబ్బా అడుగునా నా ఎర్ర గోళ్ళరంగుతో ఒక చుక్క పెట్టాను. మూత పగిలితే ఎప్పుడైనా సరే కొత్త మూత ఇస్తామని కంపెనీ హామీ కదా, ఎవరైనా పట్టుకొస్తే అది నేను అమ్మిందో కాదో ఆ చుక్కే చెప్తుంది. చుక్క ఉంటే అది నా డబ్బా, దాని మూత పూచీ నాది. మీ వాళ్ళకి కూడా ఈ మాట చెప్పు.

ఇక అసలు కష్టం. ఆన్‌లైన్లో ఎవరో మా కంపెనీ డబ్బాలే సగం ధరకి అమ్ముతున్నారు. పేరు లేదు, ఊరు లేదు, ఒక పిల్లి ఫోటో ఉంది అంతే. ఆవిడకి నేను సగం ధర మహాతల్లి అని పేరు పెట్టాను. "మగవాడై ఉండొచ్చు కదా" అన్నారు మీ అన్నయ్య. ఇంత ఓపిగ్గా ఇంకొకళ్ళ కొంప ముంచే తీరిక మగవాళ్ళకి ఎక్కడిదన్నాను. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

నిన్న దర్జీ పిన్ని ఇంట్లో డెమో. గది నిండా ఆడవాళ్ళు. పెద్ద డబ్బా నిండా నీళ్ళు పోసి, మూత పెట్టి, నడుమ నొక్కి, అంచు కొద్దిగా ఎత్తి గాలి తీసి, డబ్బాని నా తల మీదే బోర్లించుకుని నిలబడ్డాను. ఒక్క బొట్టు కారలేదు. చప్పట్లు కొట్టారు, టీలు తాగారు, బిస్కెట్లు తిన్నారు. అప్పుడు ఒకావిడ ఫోన్ తీసి, "ఎంత బాగా చూపించారండీ! ఇదేనా, చూడండి" అని మహాతల్లి ధర చూపించింది. ఇంకేముంది, ముగ్గురు అక్కడికక్కడే ఆర్డర్ పెట్టేశారు. నాకు కాదు, ఆ పిల్లికి. నేనింకా డబ్బా తల మీద పెట్టుకునే ఉన్నాను.

మా కంపెనీ మేనేజరమ్మ ఫోన్ చేసింది. మార్చి దాకా చూస్తారట. అప్పటికీ మా బృందం అమ్మకాలు ఇలాగే ఉంటే కంపెనీ తరఫున అమ్ముకోవడానికి ఇచ్చిన నా కన్సల్టెంట్ కార్డు తీసేస్తారట. నీకు చెప్పుకోక ఎవరికి చెప్పుకోను? ఈ వీధికి వచ్చిన కొత్తలో నేను ఫలానా వాళ్ళ కోడల్ని, ఫలానా ఆయన భార్యని. ఇప్పుడు డబ్బాల మేడమ్ ఇల్లెక్కడ అంటే ఎవరైనా చెయ్యి చాపి చూపిస్తారు. అది పోతే నేను తట్టుకోలేను.

అత్తయ్య మాత్రం, "ఆ ప్లాస్టిక్ గిన్నెల గోల ఇంకెన్నాళ్ళే అమ్మాయ్" అంటున్నారు.

ఇట్లు,
తల తడవకపోయినా కళ్ళు కాస్త తడిసిన నీ వదిన


జనవరి 17

వదినా,

మొట్టికాయ అందింది. ఎందుకు వేశావో రాయలేదు, ఏదో ఒక దానికి సరిపోతుందిలే అని ఉంచుకున్నాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ కార్డు ఎక్కడికీ పోదు. ఇదిగో, ఈసారి పోయినసారికి రెట్టింపు ఆర్డర్ పంపుతున్నాను. షాపులో అందరూ అడుగుతున్నారు. మా కళ్ళ డాక్టరు కూడా అడిగాడు. ఎవరెవరని నువ్వు అడక్కు, పేర్లు రాస్తే కాగితం చాలదు.

ఆ సగం ధర ఆవిడ గురించి ఒక మాట చెప్పనా? మరీ అంత కోపం తెచ్చుకోకు. ఎందుకు అమ్ముతోందో మనకేం తెలుసు? ఇంట్లో చోటు లేక అయ్యుండొచ్చు. మంచి మనిషే అయ్యుండొచ్చు. ఊరికే అనుకుంటున్నాను, నాకేం తెలుసని కాదు.

మా షాపులో నిన్న ఒక పెద్దాయన కంటి పరీక్షకి వచ్చి, బోర్డు మీది అక్షరాలు చదవలేక, "వీటిని రాసినవాడికి చదువు రాదు" అని డాక్టరుతో పోట్లాట పెట్టుకున్నాడు. కళ్ళజోడు పెట్టించి మళ్ళీ చదివించాం. అన్నీ సరిగ్గా చదివి, "ఇప్పుడు సరిగ్గా రాశారు" అన్నాడు. ఆయన్ని పంపేదాకా నవ్వు ఆపుకోలేక లెన్సులు అరగదీసే గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

నా గది నీకు తెలుసుగా, మంచం, స్టవ్వు, నేను. ఈ మధ్య కాస్త ఇరుకైంది. ఎందుకంటే, ఊరికే.

అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? అన్నయ్యని పేపరు దించి నిన్నొకసారి చూడమని చెప్పు.

నీ,
పొట్టి


ఫిబ్రవరి 3

పొట్టీ,

నీ ఆర్డర్ చూసి ఏడుపొచ్చింది, ఆనందంతోనేలే. నీలాంటి ఆడపడుచు ఎవరికుంటుంది? దర్జీ పిన్నికి చెప్తే ఆవిడ తన ఆడపడుచుని తలుచుకుని సూదిలో దారం ఎక్కించడం కూడా మర్చిపోయింది.

కానీ ఏం లాభం! నీ సరుకు ఇలా పంపానో లేదో, ఆ మహాతల్లి ధర ఇంకా తగ్గించింది. దానికి సరుకు ఎక్కడి నుంచి ఊడిపడుతోందో! నేనెంత ఎక్కువ అమ్మితే అది అంత తగ్గిస్తోంది. నా మీద పగబట్టినట్టే ఉంది.

మేనేజరమ్మ లెక్క వేరేగా ఉంది. సగం ధరకి అమ్మేది బయటివాళ్ళు కాదంట. కన్సల్టెంట్లలోనే ఎవరో టార్గెట్ కోసం సరుకు కొనేసి, తర్వాత ఆన్‌లైన్లో వదిలించుకుంటున్నారంట. మా బృందానికి నేను నాయకురాల్ని కాబట్టి ఆ మనిషెవరో నేనే కనిపెట్టాలి. పేరు చెప్తే ఆ మనిషి కార్డు పోతుంది. చెప్పకపోతే పోయేది నాదే. మార్చి మొదట్లో ఇంటికొచ్చి అడుగుతానంది. దర్జీ పిన్నిని అనుమానించనా? మా బృందంలో మిగతావాళ్ళలో ఎవరి మొహం చూసినా పాపం అనిపిస్తుంది. డెమోలో టీ అందిస్తుంటే, దీనిదేనా ఆ పిల్లి అని మొహాల్లో వెతుకుతున్నాను. ఈ బుద్ధి నాకే నచ్చడం లేదు.

అందుకని కసి తీరేదాకా శపించాను. ఆవిడ ఎప్పుడు చెప్పులు కొన్నా రెండూ ఎడమకాలివే రావాలి. ఆవిడ తలుపు ముందు నిలబడినప్పుడల్లా తాళంచెవి సంచి అట్టడుక్కి పోవాలి. ఆవిడ మంచం దిగేటప్పుడు ప్రతిరోజూ ఏదో ఒక దానికి కాలు కొట్టుకోవాలి. మీ అన్నయ్య విని, "మరీ చిన్న చిన్న శాపాలు పెడుతున్నావ్" అన్నారు. చిన్నవైతేనే రోజూ తగులుతాయన్నాను.

నీ సంగతి చెప్తే మేనేజరమ్మ ఎంత మెచ్చుకుందో! మీ షాపుకి వచ్చి మీ వాళ్ళందరి ముందూ డెమో పెడదామంటోంది. నీ పక్కన నిలబడి ఫోటో దిగుతుందట. తేదీ చెప్పు.

ఇంకో వింత. అత్తయ్య ఎదురింటి టీచరు దగ్గర కూర్చుని ఫోన్ నేర్చుకుంటున్నారు. నేను గదిలోకి వెళ్తే ఫోన్ బోర్లా పెట్టేస్తున్నారు. ఆవిడ పేరున పార్సెళ్ళు కూడా వస్తున్నాయి. ఏంటి అత్తయ్యా అంటే "మోకాళ్ళ నూనె" అంటారు. అంత నూనెతో ఏ మోకాళ్ళైనా పరిగెత్తాలి మరి, ఆవిడ మెట్లు దిగడానికి ఇంకా నా భుజమే పట్టుకుంటున్నారు.

ఇట్లు,
శాపాల దుకాణం తెరిచిన నీ వదిన


ఫిబ్రవరి 12

వదినా,

దయచేసి ఆ శాపాలు వెనక్కి తీసుకో. ఎవరికి తగులుతాయో మనకేం తెలుసు? పొద్దున మంచం దిగుతూ నా చిటికెనవేలు కొట్టుకుంది. ఊరికే చెప్తున్నాను, దానికీ దీనికీ సంబంధం లేదు.

మేనేజరమ్మని మాత్రం షాపుకి తీసుకురాకు. షాపుకి రంగులు వేస్తున్నారు. వేశాక ఆరాలి. ఆరాక మళ్ళీ వేస్తారట. మా డాక్టరుకి కొత్తవాళ్ళని చూస్తే సిగ్గు కూడా. ఫోటో ఏంటి వదినా, నేను బాగా పడను.

నువ్వు దర్జీ పిన్నిని అనుమానించావని చదివాను. ఆవిడ అలాంటిది కాదు. మీ బృందంలో ఎవరూ కాదు. నాకెలా తెలుసంటావా, మనసు చెప్తోంది. నువ్వు మేనేజరమ్మకి ఏ పేరూ చెప్పకు. తొందరపడకు. మార్చిలోపు నీ అమ్మకాలు పెంచేస్తే ఇక ఎవరూ ఏమీ అడగరు. అందుకే ఈసారి పెద్ద డబ్బాలు కావాలి, బియ్యం పోసుకునేవి. ఎన్నో కింద రాశాను. చూసి కంగారుపడకు, షాపులో వాళ్ళకి బంధువులు ఎక్కువ.

మా ఇంటావిడ నిన్న నా గదిలోకి తొంగిచూసి, "నువ్వు అద్దెకుంటున్నావా, గోడౌన్ పెట్టావా?" అంది. నవ్వుతూనే అంది. నేను పక్కకి తిరిగి నడిస్తే ఇంకా తలుపు దాకా వెళ్ళగలుగుతున్నాను.

అమ్మ ఫోన్ నేర్చుకుంటోందంటే నవ్వొచ్చింది. ఎవరితో పోట్లాడటానికో!

నీ,
పొట్టి


ఫిబ్రవరి 27

పొట్టీ,

ఈ ఉత్తరం ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు. చదివాక మీ అమ్మకి ఫోన్ చేసి ఒక్క ముక్క కూడా అడక్కూడదు. నా మీద ఒట్టు.

శత్రువు దొరికింది. మా ఇంట్లోనే ఉంది.

నిన్న అత్తయ్య ఎదురింటికి వెళ్ళినప్పుడు ఆవిడ గది ఊడ్చాను. చీపురు మంచం కిందకి పోలేదు, ఏదో అడ్డం తగిలింది. వంగి చూస్తే అట్టపెట్టెలు. ఒకదాని మీద ఒకటి, గోడ దాకా. పైన చిరునామా కాగితాలన్నీ చింపేసి ఉన్నాయి. ఒకటి తెరిచాను. మా కంపెనీ డబ్బాలు. తిరగేశాను. నా ఎర్ర చుక్క. ఇంకోటి తెరిచాను, దానికీ చుక్క. మంచం పక్కన చాప మీద అలాగే కూర్చుండిపోయాను.

ఇంకా ఏం చెప్పాలి? సరుకు నా అలమారాలోదే. నేను డెమోలకి వెళ్ళినప్పుడు తీసి పెట్టెల్లో సర్ది అమ్ముతున్నట్టున్నారు. అలమారాలో ఎన్ని ఉన్నాయో నాకు లెక్క ఎప్పుడు కుదిరింది గనక! ఫోన్ నేర్చుకున్నది అందుకే. మోకాళ్ళ నూనె కథ అందుకే.

నాకు కోపం రాలేదు పొట్టీ, నమ్ము. బాధేసింది. చేతిలో తనకంటూ నాలుగు డబ్బులు ఆడాలని పెద్దావిడకి ఉండదా? నన్నడిగితే ఇచ్చేదాన్ని కదా. అమ్మాలని సరదా ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేదాన్ని కదా. నా డబ్బాల్ని తిడుతుంటే అదేదో ముద్దుగా తిడుతున్నారనుకున్నాను ఇన్నాళ్ళూ. నిజంగానే గిట్టదన్నమాట.

సాయంత్రం ఆవిడే టీ పెట్టి తెచ్చిచ్చారు. "మొహం అలా వేలాడేశావేంటే అమ్మాయ్, డెమో బాగా జరగలేదా?" అని అడిగారు. చక్కెర ఎక్కువ వేశారు, నాకిష్టమని.

వచ్చే వారం మేనేజరమ్మ వస్తోంది. పేరు చెప్తే నా కార్డు నిలుస్తుంది. కానీ మీ అమ్మ పేరు పరాయి మనిషి ముందు నా నోటితో ఎలా చెప్పను? చెప్పను. కార్డు ఇచ్చేస్తాను. ఇంకేదైనా పని చూసుకోవచ్చు. మనిషికి డబ్బాలే బతుకా!

చివరి మాట రాసి మూడుసార్లు చదువుకున్నాను. నేనే నమ్మలేకపోయాను.

నీ వదిన


మార్చి 5

పొట్టీ,

అయిపోయింది. పొద్దున మేనేజరమ్మ వచ్చింది. మన ముందు గదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. అత్తయ్య వంటింట్లో ఉన్నారు, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"కనిపెట్టారా?" అంది. కనిపెట్టానన్నాను. "ఎవరు?" అంది. ఆ మనిషెవరో నాకు తెలుసు, మీకు మాత్రం చెప్పలేనండీ అన్నాను. కార్డు మెడలోంచి తీసి టీ కప్పు పక్కన పెట్టాను. ఆవిడ చాలాసేపు నచ్చజెప్పింది. మంచి మనిషి. "ఎవరో ఒకరి కోసం మీరెందుకు పోగొట్టుకుంటారు?" అంది. ఎవరో ఒకరైతే చెప్పేసేదాన్నే అన్నాను. కార్డు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక అలవాటుగా మెడ తడుముకుంటే ఏమీ తగల్లేదు. వంటింట్లోకి వెళ్ళి అత్తయ్యకి గిన్నెలు తుడిచిచ్చాను.

నువ్వు ఆ బియ్యం డబ్బాల ఆర్డర్ ఆపేసుకో. మీ షాపువాళ్ళకి నా తరఫున సారీ చెప్పు.

నీ వదిన


మార్చి 5

వదినా,

ముందు కూర్చో. కూర్చున్నావా? నీ చేతికందేంత దూరంలో చీపురు ఉంటే పక్కన పెట్టేయ్.

ఆ మహాతల్లిని నేనే. పిల్లి మా ఇంటావిడది.

నీకు మొదటిసారి ఆర్డర్ పంపినప్పుడు నిజంగానే షాపులో అమ్ముదామనుకున్నాను. ఒక్కరూ కొనలేదు. డాక్టరు మాత్రం ఒకటి తీసుకున్నాడు, అందులో కళ్ళజోళ్ళ మరలు పోసుకున్నాడు. నీతో ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. నువ్వంత సంబరపడ్డావు కదా! డబ్బాలు గదినిండా పేరుకుపోయాయి. "డబ్బాలుంటాయా, నువ్వుంటావా?" అంది ఇంటావిడ. ఆన్‌లైన్లో సగానికి పెట్టాను, వెంటనే పోయాయి. అమ్మయ్య అనుకున్నాను. వాళ్ళ మనుషులే వచ్చి పార్సెల్ తీసుకెళ్తారు. కొన్నది ఎవరో నాకు చెప్పరు, అమ్మింది ఎవరో వాళ్ళకి చెప్పరు. తిరిగి తిరిగి నీ వీధికే వస్తాయని కల్లో కూడా అనుకోలేదు.

తర్వాత నీ జనవరి ఉత్తరం వచ్చింది. పిల్లి ఫోటో అన్న చోటే, నువ్వు తిట్టేది నన్నేనని తెలిసిపోయింది. కొనడం ఆపేస్తే నీ అమ్మకాలు ఇంకా పడిపోయి కార్డు పోతుంది. కొంటే పెట్టుకోవడానికి చోటు లేదు, మళ్ళీ అమ్మాలి. మార్చి దాటితే చాలు, తర్వాత అన్నీ మానేద్దామనుకున్నాను. అలా నువ్వు తిట్టినకొద్దీ కొన్నాను, కొన్నకొద్దీ అమ్మాను, అమ్మినకొద్దీ నువ్వు తిట్టావు. పెద్ద గదికి మారదామని దాచుకున్నది కూడా ఇందులోనే పోయింది. పోతే పోయింది, కానీ నిన్ను నిలబెడుతున్నదీ పడదోస్తున్నదీ నేనొక్కదాన్నే అని తెలిసి కూడా నోరు మూసుకున్నాను చూడు, అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తోంది.

అమ్మ సంగతి విను. నా దగ్గర కొనేవాళ్ళలో ఒకావిడ ఉంది. నేను సరుకు పెట్టడం ఆలస్యం, మొత్తం కొనేస్తుంది. కొన్న ప్రతిసారీ కింద అభిప్రాయం రాసేచోట ఒకే మాట రాస్తుంది: "డబ్బా బాగుంది. అమ్మినవాళ్ళ బుద్ధి బాగాలేదు." ఎవరబ్బా ఇంత కష్టపడి తిడుతూ కొంటున్నారు అనుకునేదాన్ని. నీ ఉత్తరంలో మంచం కింద పెట్టెలు, నీ చుక్కలు అని చదవగానే వెలిగింది. ఈ భూమ్మీద అలా మెచ్చుకుంటూ తిట్టగలిగేది నాకు తెలిసి ఒక్కతే.

అమ్మ అమ్మడం లేదు వదినా. కొంటోంది. నీకు పోటీ లేకుండా చెయ్యాలని శత్రువు సరుకంతా కొనేస్తోంది. ఆ శత్రువు తన కూతురని పాపం ఆవిడకీ తెలీదు.

నీకు ఫోన్ చేశాను. రెండుసార్లు చేసినా అమ్మే ఎత్తింది. ఒట్టు గుర్తొచ్చి పెట్టేశాను. అందుకే ఇది స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. మేనేజరమ్మకి కూడా ఈరోజే అంతా రాసి పంపాను, నా పేరూ చిరునామాతో సహా. ఆన్‌లైన్ దుకాణం మూసేశాను. మూసేముందు, ఇదివరకు కొన్నవాళ్ళందరికీ కనపడేలా ఒక మాట పెట్టాను. మూత సరిగ్గా పడకపోయినా, పగిలినా, అడుగున ఎర్ర చుక్క ఉంటే ఫలానా వీధిలో డబ్బాల మేడమ్ దగ్గరికి వెళ్ళండి, ఆవిడ చూసుకుంటుంది అని.

దయచేసి కార్డు ఇచ్చేయకు. నా పేరు చెప్పు. తప్పంతా నాది.

శాపాలన్నీ అందుకున్న,
నీ పొట్టి


మార్చి 19

ఓసి మహాతల్లీ,

మన ఉత్తరాలు రెండూ ఒకే రోజు ఎదురెదురుగా బయల్దేరాయి. నీది నా చేతికి వచ్చేసరికి అత్తయ్య పక్కనే ఉన్నారు. చదువుతూ చదువుతూ నేను నవ్వుతున్నానా ఏడుస్తున్నానా ఆవిడకి అర్థం కాలేదు. "పొట్టి బాగానే ఉందా?" అని కంగారుపడ్డారు. లేచి ఆవిడ గదిలోకి వెళ్ళి, మంచం కింద నుంచి ఒక పెట్టె బయటకి లాగి ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ కాసేపు పెట్టె వంక, కాసేపు నా వంక చూశారు. తర్వాత మొదలుపెట్టారు. "మరేం చెయ్యమంటావే? నా కోడలు తల మీద నీళ్ళ డబ్బా పెట్టుకుని ఊరంతా తిరుగుతుంటే, ఎవత్తో ఇంట్లో కూర్చుని సగానికి అమ్ముతుందా? దాని సరుకంతా కొనేస్తే ఊరుకుంటుంది కదా అనుకున్నా. ఎంత కొన్నా తరగదే!"

తరగకుండా చూస్తున్నది మీ అమ్మాయే అని చెప్పాను. అత్తయ్య మొహం నువ్వు చూడాల్సింది. ముందు నిన్ను తిట్టారు. తర్వాత నీ పెంపకాన్ని తిట్టబోయి, అది ఎవరిదో గుర్తొచ్చి ఆగిపోయారు. తర్వాత ఆవిడకి నవ్వొచ్చింది. మోకాళ్ళు పట్టుకుని నవ్వారు. మీ అన్నయ్య పేపరు దించి మరీ వచ్చి చూశారు.

నేను ఒకటే అడిగాను. నా డబ్బాలంటే మీకు గిట్టదు కదా అత్తయ్యా, ఎప్పుడూ ప్లాస్టిక్ గిన్నెలంటారు కదా అన్నాను. "నా కోడలి గిన్నెలు, నేను తిడతాను. ఇంకెవత్తో వచ్చి వాటి విలువ తగ్గిస్తే చూస్తూ ఊరుకోవాలా?" అన్నారు. పొట్టీ, ఆ మాటకి నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టేశాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ చెయ్యలేదు. ఆవిడ నా జుట్టు సర్దుతూ, "నూనె రాసుకోవే, ఎండిపోయింది" అన్నారు.

పోయిన వారం మేనేజరమ్మ మళ్ళీ వచ్చింది. ఒక చేతిలో నీ ఉత్తరం, ఇంకో చేతిలో కంపెనీ రూల్స్ ఫైలు. చాలా గంభీరంగా కూర్చుంది. రూలు ప్రకారం ఆన్‌లైన్లో అమ్మకూడనిది కన్సల్టెంట్లు. అమ్మితే కార్డు రద్దు. నీకా కార్డే లేదు, లేని కార్డు ఎలా రద్దు చెయ్యాలి? "పూర్తి ధరకి కొని సగానికి అమ్మే మనుషులుంటారని ఈ రూల్స్ రాసినవాళ్ళకి తట్టలేదండీ" అంది. ఆ మాట అనేసి ఇక ఆపుకోలేకపోయింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అత్తయ్య మంచం కింద పెట్టెలు చూపించాక మళ్ళీ మొదటి నుంచి నవ్వింది.

కానీ ఉద్యోగం ఉద్యోగమే. నవ్వు ఆగాక, "మీ ఆడపడుచు కొన్నవన్నీ తీసేస్తే మీ అమ్మకాలు ఎంత మిగులుతాయి?" అని అడిగింది. నేను తల దించుకున్నాను. ఏమీ మిగలవని నాకూ తెలుసు. ఆవిడ ఫైలు మూసింది. ఆ గదిలో అప్పుడు ఎవరం నవ్వలేదు.

సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది. ఇద్దరు ఆడవాళ్ళు, చేతుల్లో డబ్బాలు. ఒకావిడ, జనవరిలో దర్జీ పిన్ని ఇంట్లో ఫోన్ తీసి నాకు ధర చూపించినావిడే! "మూత పడి చావట్లేదండీ. మీ దగ్గరికి వెళ్ళమని ఆన్‌లైన్లో రాశారు" అంది. తిరగేసి చూశాను, నా చుక్క ఉంది. చుక్క ఉంటే పూచీ నాదని చెప్పుకున్నాను కదా, ఎంతకి కొన్నారన్నది ఇక నాకనవసరం. మూత నడుమ నొక్కడం, గాలి తీయడం చేతులు పట్టుకుని నేర్పాను. ఆవిడ పదే పదే చేసి చూసుకుంది. "ఇంత చిన్న సంగతి తెలీక రెండు నెలలు పైన గుడ్డ కట్టి పెట్టుకున్నానండీ" అంది. రెండో ఆవిడ తన వంటింట్లో అరలు చిన్నవని, ఏ డబ్బాలు పడతాయో చూసి చెప్పమని అడిగింది. వెళ్ళొచ్చాను. మేనేజరమ్మ కూడా వెంట వచ్చింది. కొలిచి, సర్ది, ఏది ఎక్కడ పెట్టుకోవాలో చూపించాను. ఆ రెండో ఆవిడ అక్కడే అసలు ధరకి ఆర్డర్ ఇచ్చింది. పక్కింటావిడ వచ్చి తన వంటిల్లు కూడా చూడమంది.

ఆ రోజు నుంచి వస్తూనే ఉన్నారు. నీ సగం ధర సరుకు కొన్నవాళ్ళు, వాళ్ళ అక్కలు, వదినలు. రేపు ఇంకో పిల్లి ఫోటో రావచ్చు, నాకు తెలుసు. వస్తే రానీ. డబ్బా ఎక్కడ కొన్నా పట్టుకురండి, వంటిల్లు సర్దిపెడతానని బోర్డు రాయించాను.

ఆ రోజు మేనేజరమ్మ వెళ్ళేముందు నా కార్డు తీసి నా మెడలో తనే వేసింది. మళ్ళీ ఆర్నెల్లకి చూస్తారట. మంచం కింద సరుకంతా అసలు ధరకి అమ్మి, అత్తయ్య పెట్టింది ఆవిడకిచ్చి, మిగతా డబ్బు నీకు పంపేస్తానని చెప్తుంటే, ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నేనేమీ వినలేదు" అంది. పెద్ద గది వెతుక్కో. ఇంకో కవరు కూడా పెట్టాను, అందులో నీ పేరున కొత్త కన్సల్టెంట్ కార్డు ఉంది. "ఆ అమ్మాయికి అమ్మడం వచ్చు, లాభం రావడమే రాదు. అది నేర్పొచ్చు" అంది మేనేజరమ్మ. తీసుకుంటావో లేదో నీ ఇష్టం. తీసుకుంటే మాత్రం నీ సరుకు నువ్వే కొనకూడదు, నాకు తెలియకుండా నన్ను ఆదుకోకూడదు. కష్టమొస్తే చెప్పుకోవాలి. నేనూ చెప్తాను. మీ అమ్మ కూడా చెప్తానని ఒప్పుకున్నారు, కాస్త మూతి ముడుచుకునే.

శాపాలన్నీ వెనక్కి తీసుకున్నాను. చిటికెనవేలికి ఏమైనా రాసుకున్నావా?

ఇది మడిచి కవర్లో పెట్టబోతుంటే అత్తయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. తనకి బియ్యం పోసుకునే పెద్ద డబ్బా ఒకటి కావాలట, ఆర్డర్ రాసుకోమన్నారు. రాసుకున్నాను. "నాకు ధర ఏమైనా తగ్గిస్తావా?" అని అడిగారు. తగ్గించనన్నాను.

"అదీ! అలా ఉండాలి" అని కొంగు ముడి విప్పారు.

ఇట్లు,
మెడలో కార్డున్న నీ డబ్బాల వదిన